పగటి వెలుగుతో కొలిచే దారి: కుల్కచర్ల నుంచి లోనార్ సరస్సుకు



కారు కొన్న ఇంట్లో మొదటి వారం గుడికి పోతారు, రెండో వారం చుట్టాలింటికి పోతారు. నెల తిరగకముందే "ఎటన్నా దూరం పోదాం" అన్న మాట మొదలవుతుంది. మన వికారాబాద్ జిల్లాలో కుల్కచర్ల, పరిగి, తాండూరు వైపు చదువుకునే పిల్లల్ని "ఎక్కడికిరా?" అని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే పేరు లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు. 'త్రీ ఇడియట్స్' సినిమా చివర్లో కనిపించే నీలి నీళ్లు అవే. మంచి కోరికే. కానీ ఆ సరస్సు సముద్ర మట్టానికి 4,200 మీటర్లకు పైన ఉంది. అక్కడ మనిషికీ ఆయాసమే, ఇంజనుకూ ఆయాసమే. మన మండలం నుంచి పోవాలంటే దేశాన్ని దాదాపు నిలువునా దాటాలి. హైదరాబాద్ దారి తప్ప ఇంకో దారి ఎరగని చేతులు మొదటిసారే అంత దూరానికి స్టీరింగ్ పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు.

అందుకని ఈరోజు మీకు దగ్గరలోనే ఇంకో సరస్సు పేరు చెబుతాను. లోనార్. మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా. కుల్కచర్ల నుంచి అయిదు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పాంగాంగ్ లాగే ఇదీ ఉప్పునీటి సరస్సే. పాంగాంగ్ లాగే దీని నీళ్లూ ఎటూ పారిపోవు. దూర ప్రయాణం ఎట్లా చేయాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి మన చుట్టుపక్కల లేదని నా నమ్మకం.

ముందు ఆ సరస్సు సంగతి. ఎందుకు పోతున్నామో తెలియకపోతే దారి కష్టం బరువనిపిస్తుంది. ఆకాశం నుంచి ఒక ఉల్క వచ్చి దక్కన్ నల్లరాతిని గుద్దితే ఏర్పడిన గుంట అది. అడ్డంగా దాదాపు 1.8 కిలోమీటర్లు. అంచు మీద నిలబడి చూస్తే ఎవరో పెద్ద మూకుడును భూమిలో పాతిపెట్టినట్టుంటుంది. అడుగున నీళ్లు, చుట్టూ వాలు మీద అడవి. 1823లో అలెగ్జాండర్ అనే ఆంగ్ల అధికారి దీన్ని చూసి రాశాడు. అంతకు చాలా ముందే అక్బర్ కాలపు 'అయిన్-ఇ-అక్బరీ'లో దీని ప్రస్తావన ఉంది. చాలాకాలం దీన్ని అగ్నిపర్వతం నోరు అనుకున్నారు. చుట్టూ ఉన్నది లావా గడ్డకట్టిన రాయే కాబట్టి ఆ అనుమానం సహజం. 1973లో శాస్త్రవేత్తలు ఇక్కడి రాళ్లలో, విపరీతమైన దెబ్బ తగిలితే తప్ప పుట్టని గాజులాంటి పదార్థాన్ని చూపించాకే ఇది ఉల్క పనేనని గట్టిపడింది. వయసు విషయంలో మాత్రం పెద్ద తేడా వచ్చింది. ఒక పద్ధతిలో లెక్కగట్టినవాళ్లు సుమారు 52,000 ఏళ్లన్నారు. 2010లో ఆర్గాన్ వాయువు ఆధారంగా లెక్కగట్టినవాళ్లు సుమారు 5,70,000 ఏళ్లన్నారు.

బసాల్ట్ అనే ఆ నల్లరాతిలో పడిన ఉల్కా గుంటలు భూమ్మీద చాలా అరుదు. చంద్రుడి మీద మనకు నల్లగా కనిపించే మైదానాలు కూడా బసాల్ట్‌వే. అందుకే చంద్రుడిని, అంగారకుడిని చదివే శాస్త్రవేత్తలకు లోనార్ అంటే అంత మక్కువ. 2020 జూన్‌లో ఈ నీళ్లు ఉన్నట్టుండి గులాబీ రంగులోకి మారాయి. ఎండకు నీరు తగ్గి ఉప్పు చిక్కబడితే బతికే సూక్ష్మజీవుల వల్లే ఆ రంగు వచ్చిందని పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ తేల్చింది. అదే ఏడాది ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది.

ఇక ప్రయాణం. మనవాళ్లు ప్లాన్ అనగానే ఫోన్ తీసి, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని చూస్తారు. "తొమ్మిది గంటలేనట, రాత్రి పదింటికి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడుంటాం, ఒక రోజు సెలవు మిగులుతుంది" అంటారు. నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. దూరాన్ని కిలోమీటర్లతో కొలిచి రాత్రికి అప్పజెప్పకండి. వెలుగున్న గంటలతో కొలవండి.

మన వైపు డిసెంబర్‌లో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది, సాయంత్రం అయిదూ ముప్పావుకల్లా గూకుతుంది. అంటే చేతిలో పదకొండు గంటల వెలుగు. అందులో టిఫిన్, భోజనం, టీ, పిల్లల అవసరాలు, పెట్రోలు కలిపి రెండున్నర గంటలు తీసేయండి. ఎనిమిదిన్నర గంటలు మిగిలాయి. చివరి గంట ఊరు చేరడానికీ, గది వెతకడానికీ పక్కన పెట్టండి. ఏడున్నర. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, టోల్ గేట్లు అన్నీ కలుపుకుంటే గంటకు 50 కిలోమీటర్ల సగటు వస్తే గొప్ప. ఏడున్నరను యాభైతో గుణిస్తే 375. మీ చలికాలపు రోజుకు అదే గరిష్ఠ దూరం. లోనార్ అంతకన్నా ఎక్కువ దూరంలో ఉంది కాబట్టి అది ఒక్క రోజు ప్రయాణం కాదు. లెక్క ఇంత తేలిక. ఈ లెక్క వేయకపోవడం వల్లే చివరి వంద కిలోమీటర్లు చీకట్లో నడుపుతారు.

చీకటి విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. రోజులో ఎక్కువ ప్రమాదాలు జరుగుతున్నది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపు. పొద్దంతా నడిపి అలసిన కన్ను, అప్పుడే కమ్ముకుంటున్న చీకటి, ఇంటికి చేరాలన్న తొందర మూడూ కలిసే వేళ అది.

అంకెలు పక్కన పెట్టి మన ఊళ్ల రోడ్డునే చూడండి. కోతలయ్యాక కుల్కచర్ల, పరిగి చుట్టుపక్కల తారురోడ్డే కల్లం అవుతుంది. సగం రోడ్డు మీద మక్కలో వడ్లో ఆరబోస్తారు. బండ్లు తొక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు వరుసగా పేరుస్తారు. పొద్దుగూకగానే మంచు పడకుండా కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు. రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. పగలు అది పచ్చగా మెరిసే ధాన్యం, అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది. రాత్రి నల్ల రోడ్డు మీద నల్ల కవరు, ఎదురు బండి లైటు కళ్లలో పడితే అసలే కనబడదు. రైతుకు కల్లం లేక ఆ పని చేస్తున్నాడు, ఆ సంగతి వేరే మాట్లాడుకోవాలి. నడిపేవాడికి మాత్రం ఆ రోడ్డు పగటి రోడ్డు.

సంగారెడ్డి దాటి మరాఠ్వాడాలోకి పోతే కల్లం స్థానంలో చెరుకు వస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా గానుగ కాలం. ఒక ట్రాక్టరు వెనుక రెండు ట్రాలీలు, వాటి మీద రెండు పక్కలకూ పొంగిన చెరుకు గడలు, చాలాసార్లు వెనుక ఎర్ర దీపం ఉండదు. ఎడ్లబండ్ల వరుసలు కూడా అంతే. పగలు మీకు అదొక అందమైన దృశ్యం. రాత్రి అదే గోడ.

పగలు నడిపితే గండాలే ఉండవని నేననను. 2025 నవంబర్ 3న తెల్లవారాక చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో, తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది పోయారు. మన జిల్లాలో ఆ దుఃఖం తాకని ఊరు తక్కువ. పక్కనున్న బండి ఏం చేస్తుందో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి మూడే: బయల్దేరే వేళ, నడిపే వేగం, ఆగే వేళ. ఆ మూడింటినైనా సరిగ్గా వాడుకుందాం.

ఇప్పుడు దారి వేద్దాం. చివర నుంచి మొదటికి వేయాలి. లోనార్ అంచు మీద మీరు ఉండాల్సిన వేళలు రెండు: సాయంత్రం ఎండ వాలేటప్పుడు పైనుంచి గుంట మొత్తం చూడటానికి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కిందికి దిగడానికి. అంటే ఒక రాత్రి అక్కడే ఉండాలి. మహారాష్ట్ర పర్యాటక సంస్థ వసతి ఉంది, ముందే మాట్లాడుకోవాలి. మధ్యాహ్నానికి లోనార్ చేరాలంటే అంతకుముందు రాత్రి నాందేడ్‌లో పడుకోవాలి. సాయంత్రానికి నాందేడ్ చేరాలంటే కుల్కచర్లలో తెల్లవారగానే బండి కదలాలి. తిరుగు ప్రయాణం కూడా నాందేడ్ మీదుగానే. మొత్తం నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. ఎక్కువ సెలవు లేదంటారా? సెలవు దొరికినప్పుడే పోదాం, సరస్సు ఎటూ పోదు.

మొదటి రోజు దారి: పరిగి, వికారాబాద్, సదాశివపేట, సంగారెడ్డి. అక్కడ 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. జోగిపేట, నిజాంపేట, పిట్లం, మద్నూర్, ఆ తర్వాత సరిహద్దు, దెగ్లూర్, నర్సీ, నాందేడ్. రెండో రోజు అదే రహదారి మీద హింగోలీ దాకా పోయి, అక్కడ హైవే దిగి, సేన్‌గావ్, రిసోడ్ మీదుగా లోనార్. కిలోమీటరు రాయి మీద పసుపు తల ఉంటే జాతీయ రహదారి, పచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. పిల్లలకు ఈ పని అప్పగించండి. ఫోన్ చూడటం తగ్గుతుంది, దారి తప్పితే ముందు వాళ్లే చెబుతారు.

ఈ దారిలో కిటికీ తీసి చూడదగ్గది నేల. కుల్కచర్ల మండలంలో పాంబండ రామలింగేశ్వరుడి గుడి ఉన్నది గ్రానైటు గుట్ట. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కితే రాయి మారిపోతుంది: అడుగున లావా పొరల నల్లరాయి, పైన ఎర్రటి మొరం. పడమర తాండూరు పోతే మన ఇళ్లల్లో పరిచే నాపరాయి. సంగారెడ్డి వైపు మళ్లీ గ్రానైటు. నాందేడ్ దాటాక ఇక నల్లరాయే, నల్లరేగడే, లోనార్ దాకా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పొంగిన లావా అది. అనంతగిరి కింద ఉన్న రాయి, ఆ ఉల్క గుద్దిన రాయి ఒకే తరానికి చెందినవి.

నీళ్ల దారి కూడా చూడండి. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. తాండూరు పక్కన పారే కాగ్నా భీమలో కలిసి, అదీ కృష్ణకే పోతుంది. సంగారెడ్డి దాటగానే మంజీర వస్తుంది, అది గోదావరి బిడ్డ. అంటే మధ్యలో ఎక్కడో మీరు ఒక పరీవాహకం నుంచి ఇంకో పరీవాహకంలోకి దాటారు. నాందేడ్‌లో గోదావరినే చూస్తారు. చివరికి లోనార్ చేరితే అక్కడి నీళ్లు ఏ నదికీ పోవు. వచ్చిన నీరు ఎండకు ఆవిరవుతుంది, తెచ్చిన లవణాలు మిగిలిపోతాయి. వేల ఏళ్లుగా అదే జరిగి నీరు సబ్బునీళ్లంత క్షారంగా తయారైంది. ఆశ్చర్యమేమంటే ఆ గుంట అంచులోనే గోముఖం దగ్గర ధారగా పడేవి మంచినీళ్లు.

చరిత్ర కూడా ఈ దారిలో దొరుకుతుంది. 1956 నవంబర్ 1కి ముందు వికారాబాద్, నాందేడ్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. దెగ్లూర్, బిలోలీ వైపు ఊళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. టీ కొట్టు దగ్గర "అన్నా, హింగోలీ రోడ్డు ఎట్లుంది?" అని తెలుగులో అడిగి చూడండి, చాలాసార్లు జవాబు తెలుగులోనే వస్తుంది. లోనార్ ఉన్న బేరార్ ప్రాంతం కూడా పేరుకు నిజాందే అయినా, 1853లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. నాందేడ్‌లో సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూశారు. ఆ చోట వెలిసిన హజూర్ సాహిబ్ గురుద్వారాలో వచ్చినవాళ్లందరికీ లంగర్‌లో భోజనం పెడతారు. తలకు గుడ్డ కట్టుకుని, కూర్చుని తిని, చేతనైనంత సేవ చేసి లేవండి.

ఫోన్‌లో మ్యాప్ గురించి ఒక హెచ్చరిక. అది పది నిమిషాలు కలిసొస్తుందంటే చాలు, చేల మధ్య బండ్లబాటలోకి కూడా తిప్పుతుంది. మన చెలకల్లో అయితే పరవాలేదు. నల్లరేగడిలో ఒక్క వాన పడితే టైరుకు మట్టి చెప్పులా అంటుకుని, బ్రేకు వేస్తే బండి పక్కకు జారుతుంది. అందుకే హైవే దిగే చోట ఆగి, పంక్చర్ దుకాణం అతన్నో, పెట్రోల్ బంకు కుర్రాణ్నో అడగండి. నిన్న వాన పడ్డదా, వంతెన పని జరుగుతున్నదా అన్నది వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మ్యాప్‌ను ముందే ఫోన్‌లో దించి పెట్టుకోండి. ఊళ్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద కూడా రాసుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తుంది.

ఇక కారు. ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, భర్త కార్ల్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయనకు చెప్పకుండానే తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. పెట్రోల్ బంకులు లేని కాలం. వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో మరకలు తుడిచే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఆమెను తలచుకునేది ధైర్యం కోసం మాత్రమే కాదు. బండిలో ఏది చెడిపోవచ్చో, దాన్ని ఏ వస్తువుతో బాగుచేయవచ్చో ఆమెకు తెలుసు. దూరం పోయేవాళ్లకు కావాల్సింది ఆ తెలివిడి.

మరి మనకు తెలియాల్సినవేమిటి? బయల్దేరడానికి వారం ముందే పరిగిలోనో వికారాబాద్‌లోనో మీకు నమ్మకమున్న మెకానిక్‌కు చూపించండి. ముందురోజు చూపిస్తే, సామాను దొరకలేదని అతను బాధపడతాడు, మీరు అట్లాగే బయల్దేరతారు. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేకు, బ్యాటరీ, వైపర్లు, లైట్లు చూపించండి. "అన్నా, స్టెప్నీ కూడా దించి చూడు" అని మీరే అడగండి. వెనక సామాను కింద పడి ఉండే ఆ అయిదో చక్రాన్ని ఎవరూ అడగరు. పంక్చరైన రోజు తీసి చూస్తే అందులోనూ గాలి ఉండదు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెలు గుండ్రటి గీతలో చెక్కి ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. పైన గీతలు బాగానే ఉన్నా, రబ్బరు ముసలిదైతే వేడికి పగులుతుంది. గాలి పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. ఎంత పట్టించాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. మనుషులు, సామాను నిండుగా ఉన్నప్పుడు ఎంతో కూడా అందులోనే ఉంటుంది. బంకు దగ్గర "ముప్పై కొట్టు" అనే అలవాటు మానండి. జాకీ, పానా, టార్చి లైటు, ప్రమాద సూచిక త్రికోణం, మందుల పెట్టె ఉన్నాయో లేదో చూడండి. ఇంటి ముందు ఒకసారి మీ చేతులతోనే చక్రం మార్చి చూడండి. ఇంట్లో ఆడవాళ్లకూ నేర్పించండి.

కాగితాల సంగతి: ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజిలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్నవి చెల్లుతాయి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి, అందులో డబ్బులున్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ఏడాది పొడుగునా హైవేల మీద తిరిగేవాళ్ల కోసం 2025 ఆగస్టు 15 నుంచి కేంద్రం వార్షిక పాస్ మొదలుపెట్టింది, మొదట్లో ధర 3,000 రూపాయలు, 200 సార్లు దాటవచ్చు. జాతీయ రహదారుల టోల్ గేట్లలోనే అది పనిచేస్తుంది. ఏడాదికి ఒక్కసారి పోయేవాళ్లకు దాని అవసరం లేదు.

ఖర్చు లెక్క: పోను రాను, అక్కడి తిరుగుడుతో కలిపి 1,000 కిలోమీటర్లు అనుకోండి. మీ కారు లీటరుకు 16 ఇస్తే 63 లీటర్ల దాకా కావాలి. ఆ రోజు ధరతో గుణించుకోండి. టోలు, మూడు రాత్రుల గదులు, తిండి కలపండి. ఆ మొత్తం మీద మరో నాలుగో వంతు చేతిలో ఉంచుకుని బయల్దేరండి. అందులో కొంత నోట్ల రూపంలో ఉండాలి. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ చెల్లింపు నడవదు.

తిండి ఇంటి నుంచే పట్టుకుపోతే మొదటి రోజు సగం సమయం మిగులుతుంది. జొన్న రొట్టె, కందిపొడి, ఉల్లిగడ్డ చాలు. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న తాండూరు కందిపప్పు పొడి కడితే ఇంకేం కావాలి? నడిపేవాళ్లు మాత్రం కడుపునిండా అన్నం తిని వెంటనే స్టీరింగ్ పట్టకూడదు.

నడిపే మనిషి గురించి ఇంకొంచెం. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే దాదాపు 90 మీటర్లు ఎవరూ నడపకుండానే బండి పోయింది. పాటలు పెంచినా, కిటికీ తీసినా, మొహం కడుక్కున్నా నిద్ర పోదు. నిద్రకు మందు నిద్రే. చెట్టు కిందో బంకులోనో ఆపి పావుగంట కునుకు తీయాలి. రెండు గంటలకోసారి తప్పకుండా దిగాలి. ఇద్దరు నడపగలిగితే మార్చుకోవాలి. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి, చట్టమూ అదే చెబుతుంది. ఒళ్లో పిల్లను పట్టుకుని ముందు సీట్లో కూర్చునే అలవాటును ఈ ప్రయాణంతోనైనా వదిలేయండి.

ఆపద వస్తే 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033. ఈ మూడు నంబర్లు కారు అద్దం పక్కన రాసి అంటించండి. దారిలో ఇంకెవరైనా పడి ఉంటే ఆగండి. గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసుల పేరుతో వేధించకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కాపాడుతుంది. "మనకెందుకు లే" అని పోయే రోజులు పోవాలి.

లోనార్ చేరాక చేయాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. ఊళ్లో దైత్యసూదన గుడి చూడండి. లవణాసురుణ్ని విష్ణువు చంపిన చోటు ఇదని అక్కడివాళ్ల నమ్మకం. గుంట లోపల కమలజాదేవి గుడి, ఇంకా శిథిలమైన గుళ్లు కొన్ని ఉన్నాయి. కిందికి దిగేటప్పుడు అక్కడి గైడును వెంట తీసుకోండి. బూట్లు వేసుకోండి, తాగే నీళ్లు మోసుకుపోండి. దిగడం కన్నా ఎక్కడం కష్టమని మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ముందే చెప్పండి. వాళ్లు అంచు మీద నుంచి చూసినా సరస్సు పూర్తిగా కనిపిస్తుంది. అది వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి ఒక్క ప్లాస్టిక్ సీసా వదలొద్దు, ఒక్క రాయి జేబులో వేసుకోవద్దు. పోవడానికి మంచి కాలం వానలు వెనక్కి తగ్గాక, ఎండలు ముదరక ముందు. ఏప్రిల్, మే నెలల్లో ఆ నల్లరాతి నేల మీద వేడి మన తాండూరు వేడిని మించుతుంది.

ఈ ప్రయాణం సరిగ్గా చేసి వచ్చినవాళ్లకు లద్దాఖ్ దారి పట్టే అర్హత వచ్చినట్టే. కొండలెక్కడం వేరుగా నేర్చుకోవాలి, కానీ ఎప్పుడు ఆగాలో తెలిసినవాళ్లకు అది కష్టం కాదు.

చివరగా మీ ఇంటికి ఒక మాట. బయల్దేరే ముందు రాత్రి అందరూ కూర్చుని ఒక నియమం పెట్టుకోండి: సాయంత్రం ఆరు దాటితే మన కారు ఎక్కడున్నా సరే, పక్కనున్న మొదటి మంచి ఊళ్లో ఆగుతుంది. గది చిన్నదైనా, అనుకున్న ఊరు ఇంకా ముప్పై కిలోమీటర్లే ఉన్నా, నడిపేవాడు "నాకేం కాలేదు" అన్నా ఆగుతుంది. నడిపేవాడి చేత అందరి ముందూ ఒప్పించండి. ఒప్పుకోకపోతే తాళం చెవి ఇవ్వకండి.

క్షేమంగా పోయి రండి.